కాక కొలిచిన మందు

కాక పోయాడని ఆయన కొడుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో, పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ హిలాల్ పేటలో బండి పక్కకు ఆపి రెండుసార్లు విన్నాను. ఏడుపొచ్చింది. మనిషి గుర్తొచ్చేసరికి నవ్వూ వచ్చింది.

నాకు చుట్టమేం కాదు. నాది కడప జిల్లా, ఇక్కడ హౌస్ డ్రైవర్‌ని. మా సారుకు రైఫిల్ పిచ్చి. ఆయన వెళ్లే షూటింగ్ రేంజ్‌లో తూటాల్లో మందు నింపే పని కాకది. పటాలంలో నేర్చిన విద్య. పేలిన డొల్లల్ని ఏరుకుని, ఒక్కోదాని అడుగు వెలుతురుకు పెట్టి చూసేవాడు. అక్కడుండే చిన్న బిళ్ల అంచు గుండ్రంగా ఉంటే సరే. అప్పడంలా చదునైతే లోపల ప్రెషర్ హద్దు దాటినట్టు. "మనిషి బొంకుతడు గని డొల్ల బొంకది" అనేవాడు.

ఒక జూన్‌లో సారు రైఫిల్ కాల్చగానే, తూటా వెనక మూసుకునే బోల్ట్ బిగుసుకుపోయింది. కొట్టి తెరిస్తే బిళ్ల చదునుగా ఉంది. మందు ఎక్కువ పోశాడని సారు కేకలేశాడు. అదే నిజమైతే కాకను ఇంటికి పంపేస్తానన్నాడు మేనేజర్. ఆ కంగారులో నేను ఏషియన్ టౌన్‌లో ఒక దోస్తుతో, కాకకు మందెక్కువై ఉద్యోగం పోయేట్టుందని చెప్పాను. వాడికి తెలిసిన మందు ఒకటే. సాయంత్రానికి కబురు జగిత్యాల చేరింది. దుబాయ్ పోయి తాగుడు మరిగినవా అని కాక భార్య, మా చిన్నమ్మ, ఫోన్‌లో ఆయన్ని దులిపేసింది. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

అయినా కాక నన్ను తిట్టలేదు. ముందు ఆ పెట్టెలోవి ఇంకొక్కటి కూడా కాల్చొద్దన్నాడు. ఐదు విప్పి మందు తూచాడు, సరిగ్గానే ఉంది. డొల్లల పొడవు కొలిచాడు. రైఫిల్ గొట్టం తుడిచి చూశాడు. అన్నీ ఒకేసారి మార్చేద్దామని నేను తొందరపడ్డాను.

"ఒకపారి ఒక్కటే మార్వాలె బిడ్డా. రెండు మారిస్తే దొంగ దొర్కడు."

చివరికి, రేంజ్‌కి వచ్చేముందు పెట్టె ఎక్కడ పెట్టావని నన్నడిగాడు. సారు భోంచేసినంతసేపూ అది ఎండలో, బండి అద్దం కిందే ఉంది. చెబితే నా ఉద్యోగం, చెప్పకపోతే ఆయనది.

"నేనే కాకా. అద్దం ముందర పెట్టి మర్సిపోయినా."

మందు వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుందని అప్పుడు విడమరిచి చెప్పాడు. మర్నాడు అదే పెట్టెలోవి, ఏసీ గదిలో చల్లబడ్డాక, మేనేజర్ ముందు కాల్చి చూపించాడు. బోల్ట్ రెండు వేళ్లతో తెరుచుకుంది. తప్పు ఎండదే అన్నాడు తప్ప నా పేరెత్తలేదు. సిగ్గేసి నేనే సారుకు చెప్పుకున్నాను. సారు తూటాలకో ఐస్ పెట్టె కొనుక్కురమ్మన్నాడు. ఇవాళ ఈ స్టీరింగ్ నా చేతిలో ఉందంటే కాక చలవే.

ఇక చిన్నమ్మ మిగిలింది. కాక స్పీకర్ పెట్టి ఫోన్ నా వైపు జరిపాడు. మందెక్కువ కాలేదు చిన్నమ్మా, ఎండెక్కువైంది అని చెప్పాను.

"అయితే ఎండకు తట్టుకోలేక తాగిండా బిడ్డా?"

కాక గచ్చు మీద కూలబడ్డాడు. గుప్పిట్లో డొల్లలు గలగలలాడుతుంటే, గోడకు వీపు ఆనించి, కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి నవ్వుతున్నాడు.