మిల్లు ఫోటోలో సగం మొఖం

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. నేను మాత్రం వాటిని ఫ్రేము కట్టి మరీ ఇచ్చేవాణ్ణి. సూర్యాపేట జిల్లా అయిన ఏడాది, అక్కడి నా ఫోటో స్టూడియోలో జరిగిన సంగతి ఇది.

కోదాడ కాలేజీలో చరిత్ర చెప్పే మేడం ఒకరు పాత ఫోటో తెచ్చారు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు మొదలైననాటి గ్రూప్ ఫోటో. మిల్లు కూలీల మీద ఆమె రాస్తున్న పుస్తకానికి అట్ట మీద బొమ్మగా అది కావాలి. మిల్లు గుమస్తాను బతిమాలి తెచ్చారట, స్కాన్ కాగానే తిరిగి ఇచ్చేశారు.

రీటచింగ్ అంటే ఫోటోలో మచ్చలు తీయడం. నేను ఇంకాస్త ముందుకెళ్లి మనుషులనే తీసేవాణ్ణి. పెళ్లి ఫోటోల్లో అడ్డమొచ్చిన వాళ్లను మాయం చేసి చేసి చెయ్యి అలా తిరిగింది. ఈ ఫోటోలో మధ్యన దండతో ఓనర్. కుడి అంచున చేట పట్టుకుని ఒకామె, మొఖం సగమే పడింది. ఆమె ఉన్నచోట గోడ పొడిగించాను. ఇటుకలు కూడా కుదిరాయి. మురిసిపోయి, అసలు స్కాన్ మీదే సేవ్ కొట్టాను, పాతది పోయింది.

మేడం చూసి గోడ మీద వేలు పెట్టారు.

“ఈడ మా అమ్మ ఉండాలె గదన్నా. ఏది?”

“సగమే పడ్డది మేడం. అడ్డమొచ్చిందనుకున్న.”

“మా అమ్మకు ఉన్నది గా సగం ఫోటోనే.”

మళ్లీ స్కాన్ చేద్దామని మర్నాడు షట్టర్ దించి ఆమెతో మిర్యాలగూడ బస్సెక్కాను. తల్లి ఆ మిల్లులో బియ్యం చెరిగిన కూలితోనే తను ఎం.ఏ. దాకా చదివానని దారిలో చెప్పారు.

గుమస్తా ఫోటోను ఫ్రేము కట్టడానికి ఇచ్చాడట. ఆ దుకాణానికి పరుగెత్తాం. ఫ్రేము చిన్నది, ఫోటో పెద్దది. దుకాణదారు కుడి అంచున స్కేలు ఆనించి బ్లేడు తీశాడు. మేడం ఫోటోలో వాళ్లమ్మ మీద అరచెయ్యి పెట్టేశారు. మా వృత్తిలో అందరికీ అంచంటే అలుసేనని అప్పుడు తెలిసింది.

ఈసారి స్కాన్ మీద దుమ్ము కూడా దులపలేదు. పుస్తకం వచ్చింది. అట్టనిండా చేట, ఆ సగం మొఖం. ఓనర్‌ది మోచెయ్యి మాత్రం పడింది. ఇప్పుడు ఏ ఫోటో వచ్చినా ముందు అంచులు చూసి, తర్వాతే మధ్యకు వస్తాను.

మేడం మాత్రం వదల్లేదు. ఎవరిని వెంటబెట్టుకొచ్చినా నన్ను ‘మనుషులను గోడకు కలిపే అన్న’ అని పరిచయం చేసేవారు. మొన్న ప్రిన్సిపాల్ అయ్యారు. సన్మానం ఫ్లెక్సీకి ఫోటో దిగి, కంప్యూటర్‌లో చూసుకుని గొంతు తగ్గించారు.

“కండ్ల కింద ముడతలు జర తీసెయ్యన్నా.”

“ముడతలు తియ్య మేడం. కావాలంటే గోడ పొడిగిస్త.”

ఆమె పగలబడి నవ్వారు. ముడతలు రెండింతలయ్యాయి. అప్పుడు ఇంకో క్లిక్ కొట్టి, ఆ ఫోటోనే ఫ్లెక్సీకి పంపాను.