మేనత్త నేర్చుకున్న ఇటాలియన్

ఒకప్పుడు లాల్‌దర్వాజాలో మా ఇంటివాళ్లను కాదని జరీ బేరం జరిగేది కాదు. మా ముత్తాత నవాబుల దేవిడీలకు జరీ అంచులు పంపిన సాహుకారు. మా తాతయ్య కాలానికి వ్యాపారం తగ్గింది గానీ, వీధి వాకిలికున్న టేకు తలుపుల దర్జా తగ్గలేదు. ఆడవాళ్లు ఒంటరిగా ఆ తలుపులు దాటకూడదన్న కట్టుబాటూ తగ్గలేదు.

మా చిన్న మేనత్త ఇంట్లోనే ఉండి బి.ఏ. పాసైంది. టైపు నేర్చుకుంటానంటే తాతయ్య వద్దన్నారు. అది నేర్చిన ఆడపిల్ల ఉద్యోగానికి వెళుతుందని ఆయన భయం. తరువాత యూనివర్సిటీలో సాయంత్రం పూట ఇటాలియన్ చదువుతానంది. "గా భాషకు ఈ ఊర్ల ఎవడు నౌకరీ ఇస్తడు? పోనియ్యుండ్రి" అన్నారు తాతయ్య. ఆమె ఆ భాషను ఎంచుకున్నది అందుకేనని నాకు చాలాకాలానికి గానీ తెలియలేదు.

అయితే ఇంటి మగవాడొకడు తోడుండాలి. మా నాన్న దుకాణం విడిచి రాలేడు. కాబట్టి ఎనిమిదేళ్ల నేనే ఆ మగవాణ్ణి. రిక్షాలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాణ్ణి. క్లాసులో మాత్రం చివరి బెంచీ మీద గోడకూ ఆమెకూ మధ్య ఇరుక్కుపోయేవాణ్ణి. బయట ఆటల చప్పుడు వినిపించేది, లేవడానికి వీల్లేదు. ఇటాలియన్ చెప్పే మేడమ్ తలుపు తెరిచి, మూసి చూపిస్తూ చిన్న చిన్న వాక్యాలు అందరిచేతా చెప్పించేది. వద్దనుకున్నా అవి నాకూ వచ్చేశాయి.

ఒక ఆదివారం తోటి వ్యాపారులు ఇంటికొచ్చారు. తాతయ్య మేనత్తను పిలిచి, నేర్చుకున్నది కాస్త వినిపించమన్నారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, చిరునవ్వుతో "లా పోర్తా ఎ క్యూజా" అని మొదలుపెట్టింది. తలుపు మూసి ఉంది. ఇల్లు పాతది. నేను లోపల ఉన్నాను. నాకు బయటికి వెళ్లాలని ఉంది. అన్నీ క్లాసులో చెప్పిన మాటలే.

అందరూ మెచ్చుకున్నారు. పాట విన్నట్టే ఉందన్నారొకాయన. "మస్తుగున్నది సేట్‌జీ, మరి మతలబేంది?" అన్నారింకొకాయన.

తాతయ్య నా వైపు తిరిగారు. "ఏమన్నదిరా మీ అత్త?"

ఆమె నా వైపు చూడలేదు. కొంగు అంచును నలుపుతున్న వేళ్లు మాత్రం ఆగిపోయాయి. నిజం చెబితే మరునాటి నుంచి ఆమెకు క్లాసు ఉండదని నాకు తెలుసు.

"మన ఇల్లు మస్తు పెద్దగున్నదన్నది, తాతా."

తాతయ్య ముఖం వెలిగింది. అతిథులకు మళ్లీ చాయ్ వచ్చింది. మేనత్తకు రెండో ఏడాది చదవడానికి అక్కడికక్కడే అనుమతి కూడా వచ్చింది.

తరువాత మెట్ల దగ్గర ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు అబద్ధమేం చెప్పలేదురా. ఇల్లు పెద్దదే. అందుకే బయటికి తొవ్వ దొర్కుతలేదు."

ఇక ఎవరొచ్చినా తాతయ్య మా ఇద్దరినీ పిలిచేవారు. ఆమె నిలబడి అవే వాక్యాలు చెప్పాలి, నేను అదే అర్థం చెప్పాలి. ఒక్కసారి కూడా ఆమె తల దించలేదు, నవ్వు చెదరలేదు. బాధను నలుగురి ముందు వెన్ను వంచకుండా చెప్పుకోవచ్చని ఆమెను చూసే నేర్చుకున్నాను. మీ పాత ఇల్లు ఎలా ఉండేదని ఈనాటికీ ఎవరైనా అడిగితే, పెద్దదని మాత్రమే చెబుతాను.

ఆ టేకు తలుపులను ఇంటికంటే ముందే అమ్మేశాం. చాంద్రాయణగుట్ట నుంచి పాత కలప కొనే అతనొకడు వచ్చి, గొళ్లేలతో సహా ఊడదీయించి తీసుకుపోయాడు.