అరాద్ వాకిట్లో బండి

బహ్రెయిన్‌లో నాకు రెండిళ్ళుండేవి. ఒకటి జింజ్‌లో, ఒకటి అరాద్‌లో. ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ. ఈ మాట మా ఊరి టీకొట్టు దగ్గర ఎన్నిసార్లు చెప్పానో! విన్నవాళ్ళు నా అరిగిన చెప్పుల వంక ఓసారి చూసి, మర్యాదకి ఊరుకునేవారు. ఈ ఉదయం మా ఆవిడ తలంటుకుని ఇంట్లో సాంబ్రాణి వేసింది. ఆ పొగ వసారాలోకొచ్చి నా కుర్చీ చుట్టూ తిరిగేసరికి ఎందుకో కోతలు కొయ్యబుద్ధి కాలేదు. ఆ ఇళ్ళు రెండూ మా కఫీల్‌వి, అంటే వీసా ఇచ్చి నన్ను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానివి. నేను ఆయన బండి తోలేవాణ్ణి.

తొంభైల్లో మాట. కఫీల్‌కి ఇద్దరు భార్యలు. చిన్నావిడ జింజ్‌లో, పెద్దావిడ అరాద్‌లో. నా మకాం జింజ్‌లో డ్రైవర్ల గది. మా ఆవిడ అరాద్‌లో పెద్దావిడ దగ్గర ఇంటిపని. ఇద్దరు భార్యలున్నవాడు రోజులు సమానంగా పంచాలని వాళ్ళ ధర్మం. మా కఫీల్ కూడా వంతు తప్పేవాడు కాదు. ఆయన వంతే నా వంతు. ఆయన ముందు గుమ్మంలోంచి పెళ్ళాం దగ్గరికి వెళితే, నేను వెనక గుమ్మంలోంచి నా పెళ్ళాం దగ్గరికి వెళ్ళేవాణ్ణి. మా కాపురం అలా ఇంకొకరి కాపురం నీడలో నడిచేది.

పెద్దావిడ బియ్యం ఏరుతూ, మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని ప్రవక్త గారి ఇంటి సంగతులు చెప్పేదట. మసీదుని ఆనుకుని భార్యలకి తలా ఒక చిన్న గది అట, చెయ్యెత్తితే కప్పు తగిలేదట. ఒక్కోసారి రోజుల తరబడి పొయ్యి వెలిగేది కాదట, ఖర్జూరాలూ మంచినీళ్ళే భోజనమట. ఆయన తన చెప్పులు తనే కుట్టుకునేవారట. ఇది చెప్పి మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసేది. మొదటి భార్య బతికున్నంతకాలం ఆయన ఇంకో పెళ్ళి మాటే తలపెట్టలేదట. ఆ మాట దగ్గరకొచ్చేసరికి పెద్దావిడ చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయేవట. కాసేపయ్యాక మళ్ళీ ఇంకో కథ ఎత్తుకునేది. ఆ మొదటావిడ పోయాక ఆయన చేసుకున్న ఒక పెద్ద వయసు భార్య, ముసలితనంలో తన వంతు రోజుని చిన్న భార్యకి ఇచ్చేసిందట. ఈ కథ మాత్రం ఎన్నిసార్లు చెప్పేదో లెక్కలేదట.

మా కఫీల్‌కి మెల్లగా అరాద్ మీద మనసు తగ్గింది. అరాద్ వెళ్ళినా బూట్లు విప్పడానికి బద్ధకించేవాడు. వడ్డించిన పళ్ళెం మీద మూత మూతలాగే ఉండేది. ఒక సాయంత్రం గుమ్మందాకా వెళ్ళినవాడు అక్కడే ఆవిడతో రెండు మాటలాడి తిరిగొచ్చి బండిలో కూర్చున్నాడు. ముహర్రఖ్ వంతెన దాటాం. తర్వాత, "ఖలాస్, భాయ్, అయిపోయింది. ఆమె తన వంతు వదిలేసింది. ఇక రోజూ జింజే," అన్నాడు. నేను గేరు మార్చడం మర్చిపోయాను. పెద్దావిడ మీద జాలితో అని రాస్తే బాగుంటుంది గానీ, నిజం చెప్పాలంటే నా వంతు కూడా పోయిందే అని.

కానీ పెద్దావిడ ఒక షరతు పెట్టిందట. "నువ్వు రాకపోయినా పరవాలేదు, నా రోజున బండి మాత్రం పంపు, డ్రైవరు చేపలు తెస్తాడు." అలా నా వంతు మిగిలింది. చేపలు దించి, బండి తీసుకెళ్ళి గోడ నీడలో పెట్టబోతే వద్దనేది. వాకిలికి ఎదురుగానే ఆపాలి, ఎండైనా సరే. ఒక టీ అయ్యాక ఇంకో టీ వచ్చేది. నేను లేవబోతే లోపల్నించి, "ష్వయ్యా, ష్వయ్యా," అని వినపడేది, కాసేపాగమని. ఇంట్లో సాంబ్రాణి లాంటి ఊదు పొగ, ఆయన వచ్చే రోజుల్లో వేసినట్టే. పోయిన రోజుల వాసన వదులుకోలేకపోతోంది పాపం అనుకునేవాణ్ణి. తన సంసారం చెడినా మా సంసారం నిలబెట్టింది మహాతల్లి అని మనసులోనే దణ్ణం పెట్టుకునేవాణ్ణి. మేం వచ్చేసేనాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. సరే, నా చెయ్యి కాదు. మా ఆవిడ చెయ్యి.

ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో తెలియదు. ఒకరు వదులుకున్న రోజుల్ని ఇంకొకరు బతకడమే కాలమంటే అనిపిస్తుంది, అలా ఆవిడ రోజులు కొన్ని మేం తిన్నాం.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. సాంబ్రాణి గిన్నెలో బూడిద దులుపుతూ విన్నది.

"మన కోసమా? మీ మొహం!" అంది. "ఎదురింటోళ్ళు బండి చూసి ఆయనొచ్చాడనుకోవాలని. ఆ పొగ కూడా వీధి కిటికీ తీసి మరీ వేయించేది నా చేత."