గడియారం వెనక కవర్లు

డెంజిల్ ట్రెవెల్లా పడవ నడిపే పరీక్ష నెగ్గింది మూడోసారికి. మొదటి రెండుసార్లూ రాత దగ్గరే పోయింది. అక్షరాలు వాడి కళ్లముందు పీతల్లా పక్కకి నడిచేవి. మూడోసారి తల్లి లవ్‌డే వంటింట్లో కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్నా చదివి వినిపించి కంఠతా పట్టించింది. ఆ ఏడు నూలిన్ రేవులో ఇరవై మూడేళ్లకే సొంతంగా పడవ నడిపినవాడు వాడొక్కడే. ఇంజను ఆగిన పడవను గాలివానలో తాడుకట్టి ఒడ్డుకు లాక్కొచ్చిందీ వాడే. ఒక చలికాలం రేవులో అందరికంటే ఎక్కువ సార్డీన్ చేప దించిందీ వాడే. కావాలంటే రేవులో ఎవరినైనా అడగండి.

ఆ సార్డీన్ ఏడే వాడి కొంప ముంచింది. భార్య మెర్రిన్‌తో విడిపోయాక, కూతురు టామ్సిన్ పోషణకు నెలకెంత కట్టాలో సర్కారు ఆఫీసువాళ్లు ఆ ఏటి రాబడి చూసి ఖాయం చేశారు. మరుసటేడు చేప లేదు. పడవ అమ్మి, ఇంకొకరి పడవలో వాటాకు కుదిరాడు. లెక్క మాత్రం కదల్లేదు. కట్టగలిగింది కట్టాడు, మిగిలింది పేరుకుంది.

ఉత్తరాలు రాకపోలేదు. లెక్క నచ్చకపోతే నెలలోగా చెప్పమన్నాయి. కానీ విడిపోయాక వాడు తిరిగొచ్చి చేరిన లవ్‌డే ఇంట్లో ఒక కట్టడి ఉంది. పడవెక్కే రోజున మనిషి చేతికి కవరు ఇవ్వకూడదు. ఆమె భర్త బ్యాంకు ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్లి, తిరిగి రాలేదు. అందుకని కవరు వచ్చినప్పుడల్లా గడియారం వెనక దోపేది. ఆదివారం ఇద్దామంటే వాడు మొద్దునిద్రలో ఉండేవాడు. సోమవారం తెల్లారకముందే మళ్లీ పడవ. పదకొండోది దోపేసరికి గడియారం ముందుకు ఒరిగింది.

అప్పుడు తీశారు. పిల్లను దింపడానికి వచ్చిన మెర్రినే అన్నీ చదివింది.

"గాలి వాసన చూసి వాన చెబుతావే, కవరు చించడం చేతకాలేదా నీకు?" అంది. తిట్టుకుంటూనే కూర్చుని అప్పీలు తనే రాసిపెట్టింది.

ట్రిబ్యునల్‌లో జడ్జమ్మ కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది.

"లెక్క తప్పే అయ్యుండొచ్చు, ట్రెవెల్లా గారూ. కానీ నెల గడువు మీద ఇంకో ఏడాది వరకే నేను ఆగగలను, ఆ పదమూడు నెలలూ దాటాక దాన్ని తెరిచే అధికారం నాకు లేదు. బాకీ వసూలు సంగతంటారా, అది అసలు నా గుమ్మంలోకే రాదు."

అది వచ్చే గుమ్మం మేజిస్ట్రేటు కోర్టు. అక్కడ లెక్క తప్పని వాడు చెప్పబోతే, తప్పొప్పులు తాము అడగకూడదన్నారు. కట్టాడా లేదా, కట్టకపోతే ఎందుకు కట్టలేదు, అంతవరకే తమ పనన్నారు. పదకొండు కవర్లు తెరవకపోవడం కావాలని చేసిన నిర్లక్ష్యమే అన్నారు.

లవ్‌డే వెనక బెంచీ మీంచి లేచింది. "దాచింది నేనండీ. వాడికి తెలీదు."

"కూర్చో అమ్మా," అన్నాడు డెంజిల్ వెనక్కి తిరక్కుండానే. "ఉత్తరాలొచ్చాయా అని నేనూ ఏనాడూ అడగలేదుగా."

ఆరు వారాలు జైలు వేశారు.

వారం తిరక్కముందే పన్నెండో కవరు వచ్చింది. లవ్‌డే దాన్ని గుమ్మంలోనే చించింది. జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీలో ఒక్క పౌండూ తగ్గదని అందులో ఉంది. వాడి వాటా పనిలోకి అప్పటికే వేరొకణ్ణి తీసుకున్నారు. చించిన కవరును ఆమె బల్లమీదే ఉంచి, గోడకున్న ఆటుపోట్ల పట్టికలో వాడు వచ్చే రోజు చుట్టూ పెన్సిలుతో గీత గీసింది: మంగళవారం, మార్చి పదిహేడు.