సూర్యుణ్ణి కొలిచే ముఫ్లిహ్

డమాస్కస్‌లో రాగిపనివాళ్ల వీధిలో ముఫ్లిహ్‌ని ఎరగనివాళ్లు లేరు. నెలవంక కనిపించే రోజు, నమాజు వేళలు, అన్నీ లెక్కకట్టి పెద్ద మసీదుకి చెప్పేది అతనే. నడివయసొచ్చినా పెళ్లి ఊసెత్తలేదు. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కడం, అంకెల గీతలు చెక్కిన మనిషెత్తు ఇత్తడి చట్రం తిప్పి సూర్యుడెంత ఎత్తునున్నాడో కొలవడం, కిందికొచ్చి లెక్కల్లో మునగడం. అదే అతని లోకం.

ఒక వేసవిలో పక్కింట్లోకి జుముర్రుద్ అనే వితంతువు వచ్చింది. ఖుబానీ పళ్ల గుజ్జుతో తాండ్ర పోసి అమ్ముకునే మనిషి. డాబా మీద తాండ్ర ఆరబెట్టి, ముసుగు తీసి చెమట తుడుచుకుందామంటే రోజూ పక్క డాబా మీద ఈయన! కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి అతన్ని తిన్నగా ఖాజీ ముందుకే లాగింది.

"నేనెక్కే వేళకే ఎక్కుతాడండీ! చట్రం అడ్డం పెట్టుకుని సందులోంచి చూస్తాడు!"

"సూర్యుణ్ణి చూస్తున్నానండీ," అన్నాడు ముఫ్లిహ్.

"ఆహా, సూర్యుడు మా డాబా మీదే కాపురమున్నాడు మరి!"

ఖాజీ నవ్వాపుకుని అడిగాడు. "ఈవిడ పైన ఏం చేస్తుందో చెప్పవయ్యా."

ముఫ్లిహ్ తడబడ్డాడు. "ఏవో... ఎర్ర దుప్పట్లు ఆరేస్తుందండీ."

అందరూ గొల్లుమన్నారు. "దుప్పట్లా! ఊరంతా లొట్టలేసే నా తాండ్రని పట్టుకుని!" అంటూ జుముర్రుద్ అతని ముఖంలోకి చూసి ఆగిపోయింది. ఏళ్ల తరబడి సూర్యుణ్ణి చూసి చూసి ఆ కళ్లు మసకబారిపోయాయి. ఉన్న పని పోతుందని ముఫ్లిహ్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫిర్యాదు అక్కడితో ఆగింది.

మర్నాడు పిట్టగోడ అవతలినుంచి కేక వినబడింది. "ఏమయ్యా, వెలుగు ఏ గీత మీద పడిందో నేను చూసి చెప్పనా?"

గీతల అంకెలు ఇట్టే పట్టేసింది. చలికాలానికల్లా ఇద్దరికీ నిఖా అయింది.

పెళ్లయ్యాక ముఫ్లిహ్ అసలు సంగతి కక్కాడు. కిందటేడాది కొలతల్లో సగం అందాజుగా వేసినవే.

"అందాజున పోస్తే తాండ్రే కుదరదు, ఆకాశం కుదురుతుందా? మళ్లీ మొదలెట్టు," అంది.

ముఫ్లిహ్‌కి సిగ్గేసింది, ఆనక నవ్వొచ్చింది. పాత కొలతలు చింపేశాడు. ఏడాది పొడుగునా ఆమె చూసింది, అతను లెక్కకట్టాడు. ఆ పట్టికలనే మసీదువాళ్లు వాడుకున్నారు. కైరోనుంచి పండితులొచ్చి పొగిడితే, "లెక్క నాది, చూపు మా ఆవిడది," అనేవాడు. వాళ్లు అదేదో వినయమనుకుని తలూపి, తాండ్ర కట్టించుకుని పోయేవాళ్లు.