పిల్లికి తవ్విన మగ్గం గుంట

ఎనభైల చివర్లో, నారాయణపేటలో మేము కిరాయికున్న ఇంట్లో అమ్మ పిల్లి చచ్చిపోయింది. నేను అప్పుడే మున్సిపాలిటీలో గుమాస్తాగా చేరాను. కొత్త ఉద్యోగం కదా, నిబంధనలన్నీ నాలుక మీదే ఉండేవి. చచ్చిన జంతువును మా బండికి అప్పగించాలి. ఇంటి దగ్గరే పాతుకుంటామంటే బావికి దూరంగా, మూడడుగుల లోతున పాతాలి. ఇంటి ఓనరు ఒప్పుకోవాలి.

“బండోళ్లు ఊరవతల పారేస్తరు. నేనియ్య,” అంది అమ్మ. “ఎన్నేండ్లు నా కాళ్లకాడ పన్నది! నా ఇంట్లనే ఉండాలె. ఓనరమ్మను నువ్వే అడుగు.”

మాది నేలలో గుంట తీసి, అందులో కాళ్లు పెట్టి నేసే మగ్గం. పిల్లి పగలంతా ఆ గుంటలోనే పడుకునేది.

ఓనరమ్మ అంటే పక్కింటి ముసలామె; ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. ఇంకో మగ్గం పెడితే ఇల్లు ఖాళీ చేయాలని మొదటే షరతు పెట్టింది. ఉన్న మగ్గం చప్పుడుకే కునుకు పడటం లేదని రోజూ సణిగేది. ముందు తవ్వేసి, తర్వాత అడుగుదాంలే అనుకున్నాను. నా అంత పిరికి గుమాస్తా ఇంకొకడు ఉండడు.

పెరట్లో గడ్డపార పట్టాను. బుద్ధెరిగాక నేను తవ్వినవన్నీ మా బాపుతో కలిసి తవ్విన మగ్గం గుంటలే. మూడడుగులు దిగేసరికి నా చేతులు వాటంతటవే నాలుగు మూలలూ తీర్చి, కూర్చుని కాళ్లు వేలాడేయడానికి అంచు కూడా చెక్కేశాయి.

గోడ మీదుగా ఆపా తల కనిపించింది. “ఏం బేటా, చెప్పకుండనే ఇంకో మగ్గం పెడ్తున్నవా? జాగా ఖాళీ చెయ్యి!”

“మగ్గం కాదు ఆపా, పిల్లికి,” అంటూ అమ్మ పాత చీర మూట విప్పి చూపించింది.

ఆపా గుంటను చూసింది, పిల్లిని చూసింది. “పిల్లి గిట్ల చీరలు నేస్తదా?” అని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “దినాం పొద్దుగాల నా తాన పాలు తాగేది. గది నా పిల్లి. మా దిక్కు దానిమ్మ చెట్టు కింద పెడ్త, ఇటియ్యి.”

అమ్మ మూటను గుండెకు అదుముకుంది. ఒక పిల్లికి ఇద్దరు యజమానులుంటే ఏం చేయాలో మా నిబంధనల్లో లేదు. అమ్మ ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

“పాలు నీ తాననే తాగింది ఆపా,” అంది అమ్మ మెల్లగా. “కానీ మగ్గం ఆడకుంటే దానికి నిద్రొచ్చేది కాదు.”

ఆపా వీధిలోంచి చుట్టూ తిరిగొచ్చి, గుంట అంచున కూర్చుని చేతులు చాచింది. “అయితే గీడనే పండనీ. జర మెల్లగ దించుదాం.”

ఇద్దరూ కలిసి దించారు. మట్టి కప్పాక లేచి వెళ్తూ ఆపా అమ్మ వైపు తిరిగింది.

“రేపు మగ్గం బంద్ పెట్టకు,” అంది.