ఏటి ఒడ్డున ఆరుగురు

ఆమధ్య మా ఊరి బాప్టిస్టు సంఘం కార్యదర్శి ప్రకాష్ బియ్యం సంచిలో చుట్టి తెచ్చిన పాత సభ్యుల పుస్తకం విప్పగానే, ఎండిన వేపాకూ చెమ్మా కిరసనాయిలూ కలిసిన వాసన గుప్పుమంది. విజయనగరంలో మా డాబా గదిలో కూర్చున్నదాన్ని కాస్తా వంశధార ఒడ్డున మా పెంకుల చర్చిలో పడ్డాను. "కొత్త సర్చి తెరిసేనాటికి పుస్తకం ఏస్తన్నామమ్మా. సంగం సరిత్ర మీరే రాయాల, మీ నాన్నగారు సంగం పెద్ద కదేటి" అన్నాడు. ఉద్యోగమంతా ఆసుపత్రిలో జ్వరాల చార్టులు రాసిన నర్సుని, ఇదెంత పనిలే అనుకుని ఒప్పుకున్నాను. నా తెలివి అలాంటిది.

మిషనరీ దొరలు రాకముందు మా వాళ్లు ఎవరి పశువుల శాలలోనో కూడి ప్రార్థన చేసుకునేవారట. చర్చి గోడలకు సున్నం దంచింది ఆడవాళ్లేనని, తన అరచేతుల మచ్చలు ఆ సున్నానివేనని మా నాయనమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించేది. గంటకు బదులు వేపకొమ్మకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. ఆదివారం అది మోగితే ఎడమవైపు ఈతాకు చాపల మీద ఆడవాళ్లం, కుడివైపు మగవాళ్లూ సర్దుకునేవాళ్లం. కోతల పండగకి కొత్త బియ్యం, చోళ్లు, గుమ్మడికాయలు, చెరకు గడలు, కాళ్లు కట్టేసిన కోళ్లు అన్నీ తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రసంగం సాగదీస్తే పుంజు ఒకటి కూసి ఆయన్ని ఆపేది. క్రిస్మస్ వారమంతా వీధి వీధంతా అరిసెల పాకం వాసన, పోకుండలు వేగే చప్పుడు.

మా చెల్లి కరుణ నాకన్నా నాలుగేళ్లు చిన్నది. పొలం కాలువలో మేం ఆడే ఆట బాప్తిస్మం ఆట, అయ్యగారు ఎప్పుడూ అదే. పిల్లలందరినీ ముంచడం అయిపోయాక ఒకసారి అమ్మ పెంచుకుంటున్న పెట్టను పట్టుకెళ్లి, మూడు ప్రశ్నలడిగి, అది కొక్కొక్కో అంటే ఒప్పుకున్నట్టేనని ముంచేసింది. ఆ పెట్ట వారం రోజులు గుడ్డు పెట్టలేదు. అమ్మ తిట్టిన తిట్లు ఊరంతా విన్నది.

తెలియనివాళ్లకు చెప్పాలి. మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు. ఎవరికి వారు తెలిసి నమ్మాలి, సంఘమంతటి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. అది విని ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తుతారు. ఆ తర్వాతే ఏటికి తీసుకెళ్లి ముంచుతారు, ఆ తర్వాతే సభ్యుల పుస్తకంలో పేరు రాస్తారు. నాకు పదమూడో ఏడు వచ్చాక నా వంతు వచ్చింది. మా నాన్న పొందూరు నుంచి తెల్లటి ఖద్దరు తెచ్చాడు. దానితో అమ్మ గౌను కుట్టింది. చెల్లి ఏడ్చి గీపెట్టిందని మిగిలిన గుడ్డతో దానికీ ఒకటి కుట్టింది.

ఆ ఆదివారం నేను లేచి నిలబడి, బట్టీపట్టిన నాలుగు మాటలూ తడబడి, మధ్యలో ఆగిపోయాను. ఎవరో పాపం అని చేతులెత్తారు. నేను కూర్చుంటుండగానే కరుణ లేచింది.

"నీకెందుకమ్మా బాప్తిస్మం?" అయ్యగారు నవ్వుతూ అడిగారు.

"యేసయ్యంటే నాకిష్టం అయ్యగారూ. ఎవులూ సెప్పకుండానే ఇష్టం."

చాపల మీద ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. చేతులు లేస్తున్నాయి. మా నాన్న ఒక్కడే ఎత్తలేదు, నావైపు తిరిగాడు. "నీ పక్కలోనే తొంగుంటాది కదా, నువ్ సెప్పు. దీనికి తెలిసే అంటందా, నిన్ను సూసి అంటందా?"

దానికి తెలుసు. నాకన్నా బాగా తెలుసు. పక్కలో పడుకుని అది తనలో తాను చేసుకునే ప్రార్థనలు రోజూ వినేదాన్ని. కానీ ఆ రోజు నాది, కొత్త గౌను నాది, అందరూ దాన్నే చూస్తున్నారు. "నన్ను సూసే నాన్నా" అన్నాను.

లేచిన చేతులు దిగిపోయాయి. "వచ్చే ఏడు సూద్దాం తల్లీ" అన్నారు అయ్యగారు. ఇంటికొస్తుంటే గట్టు మీద అది అడిగింది, "నిజంగా నీకలాగే అనిపించిందేటే అక్కా?" నేను ముందుకు నడిచిపోయాను.

క్రిస్మస్ ముందు చన్నీళ్లలో మమ్మల్ని ఏడుగురిని ముంచారు. ఒడ్డున అందరితో పాటు చెల్లి కూడా గొంతెత్తి పాడింది, నాకు తల తుడిచింది కూడా అదే. వచ్చే ఏడు అన్న బాప్తిస్మం దానికి రాలేదు. వానాకాలంలో జ్వరం తగిలింది, ఏరు పొంగి పడవ కదల్లేదు, అవతల ఒడ్డున ఆసుపత్రి. ఐదోరోజున పోయింది. పొందూరు గౌను తొడిగి పంపించాం.

పుస్తకం మా నాన్న దగ్గరే ఉండేది. దాని పేరు కూడా ఒక మూల రాయమని అమ్మ అడిగింది. "నీళ్లల్లో మునగనోల పేరు ఎలా రాత్తానే? అది నా పుస్తకం కాదు, సంగానిది" అన్నాడాయన, పుస్తకం మూసేసి. అమ్మ మళ్లీ అడగలేదు. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో సభ్యుల పేర్లు చదివేవారు. నా పేరు చదివి పక్కింటివాళ్ల పేర్లు ఎత్తుకునేసరికి అమ్మ తల వంచుకునేది. నేను అబద్ధమాడానని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలనుకుంటూనే ఉన్నాను, ఆమే వెళ్లిపోయింది.

ఇప్పుడు పెంకుల చర్చి లేదు. ఆ చోట పాలరాళ్ల మేడ లేచింది, లోపల టైల్సు పరిచిన తొట్టి ఉంది, బాప్తిస్మాలు అందులోనే. మమ్మల్ని ముంచిన రేవులో ఇసుక లారీలు దిగుతున్నాయి.

చరిత్రలో కరుణ పేరు రాయాలని ప్రాణం కొట్టుకుంది. కానీ నాన్న బతికుండగా రాయనన్న పేరును ఆయన పోయాక దొంగచాటుగా రాయడానికి మనసొప్పలేదు. అందుకని, ఆ ఏడు బాప్తిస్మం పొందినవారు ఆరుగురు అని రాసి, ఆరు పేర్లే ఇచ్చాను. నా పేరు రాయలేదు. పాత పుస్తకంలో ఏడుగురున్నారు కదమ్మా అని ప్రకాష్ అడిగితే అంతా చెప్పేద్దామని, ఇన్నాళ్లకు ఒక మనిషి దొరుకుతాడని ఎదురుచూశాను. అతను అడగలేదు. ఆరుగురితోనే అచ్చయింది. కొత్త చర్చి తెరిచిన రోజున అందరూ తిరగేసి, బాగా రాశారన్నారు. ఏటి ఒడ్డున ఆ రోజు పాడినవాళ్లలో, ఏడోదానివి నువ్వే కదే అనడానికి ఒక్కరూ మిగల్లేదు.